సిగ్నల్ దగ్గర ముందు నిలబడని డ్రైవరు

డిక్కీలో చేపలు పాడైపోతున్నాయి, ఇక్కడ వీళ్ళు గొడవ తేల్చేలా లేరు. ఆనందమ్మకు అదీ కోపం. ఫహాహీల్ చేపల బజారులో పొద్దున్నే బేరమాడి కొన్న చందువాలు. ఎంత ఐసు పోయించినా కువైట్ ఎండకు ఎంతసేపు ఆగుతాయి? అందుకే ఏసీ గదిలో కాగితం కప్పు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినా ఉండలేక, మోకాళ్ళు పట్టుకుంటూ వర్క్‌షాపులోకే నడిచి వచ్చింది.

అక్కడ టై కట్టుకున్న సూపర్‌వైజరు, ఇంటి డ్రైవరు ఖాజా హుస్సేన్ ముక్కు దగ్గర వేలు ఆడిస్తూ అరుస్తున్నాడు. చైనా బండి కొని ఏడాది తిరగలేదు, వేగం అందుకునేటప్పుడు ఈల వేస్తోంది, లాగడం లేదు. టర్బో పోయిందని, డ్రైవరు చవక పెట్రోలు పోసి, ఇంజిను వేడిమీదుండగా చటుక్కున ఆపేసి దాన్ని చంపాడని, కాబట్టి వారంటీ మాట ఎత్తొద్దని వాడి తీర్పు. ఆ తీర్పు యజమాని ఇంటికి చేరితే ఖాజా ఉద్యోగం ఖలాస్. అందరికీ తెలుసు.

ఖాజా మాత్రం గొంతు పెంచలేదు. అరబ్బీలో ఒకసారి, హిందీలో ఒకసారి ఒకే మాట చెప్పాడు. టర్బో విప్పొద్దు, ముందు పైపుల్లోకి గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు కొట్టు. సూపర్‌వైజరు నవ్వాడు. కంప్యూటరు చెప్పింది నీకు తెలుసా అన్నాడు. కంప్యూటరు తక్కువ గాలి వస్తోందని చెప్పింది, ఎక్కడ పోతోందో చెప్పలేదు గదా అన్నాడు ఖాజా. బండి కిందున్న పనివాడికి అది సబబుగా తోచినట్టుంది, వాడు గాలి గొట్టం తగిలించి సబ్బు నీళ్ళు చల్లాడు. ముందు బంపరు వెనకాల, రబ్బరు పైపు చివర బిగించే క్లిప్పు దగ్గర తెల్లగా బుడగలు పొంగాయి. సైకిలు ట్యూబును బేసిన్లో ముంచితే వచ్చినట్టు బుడబుడమని వచ్చాయి. కంపెనీలో బిగించేటప్పుడే వంకరగా బిగించిన క్లిప్పు అది.

సూపర్‌వైజరు టై సర్దుకుని ఫోను వచ్చినట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. ఖాజా ఆనందమ్మ వైపు తిరిగి, ఇంకెవరికీ అర్థం కాకుండా తెలుగులో అన్నాడు.

"రాయచోటిలో పంచరు షాపోనికి తెలిసిన సంగతి అక్కా ఇది. మెడకు గుడ్డ కట్టుకున్నోనికి తెల్దు."

ఆనందమ్మ చేపలకు చింతపండు రెండింతలు వేసి వండింది. ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. అదీ ఒక గెలుపే.

ఖాజా హుస్సేన్ కడప జిల్లా వాడు. పదకొండేళ్ళకే లారీ క్లీనరయ్యాడు, పద్దెనిమిదికి స్టీరింగు పట్టాడు, మామిడి లోడుతో ఘాట్లు ఎక్కీ దిగీ ఇంజిను ఏ మూల ఏమంటోందో చెవితో పట్టడం నేర్చాడు. కువైట్ వచ్చి ఇరవై ఆరేళ్ళు. మొదటి నాలుగేళ్ళు నీళ్ళ ట్యాంకరు. ఆ తర్వాత అహ్మదిలో ఈ ఇల్లు. యజమానిని బాబా అంటారు, ఆయిలు కంపెనీలో పెద్ద ఇంజనీరు; యజమానురాలిని మామా అంటారు, ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలు. మామా కొత్తకోడలుగా ఉన్నప్పుడు వంటకు వచ్చిన ఆనందమ్మకు ఇప్పుడు అరవై ఆరు. రాజోలు దగ్గర పుట్టింది, మూడో తరగతి చదివింది, తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఇంట్లో పనికి వచ్చిన శ్రీలంక పిల్ల, ఫిలిప్పీన్స్ పిల్ల ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఆవిడ మాట వినాల్సిందే. డబ్బాల మీద అరబ్బీ, ఇంగ్లీషు చూసి గబగబా చదివి చెప్పేస్తుందని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆవిడ బొమ్మలు చూసి చెబుతుంది. బొమ్మలేని డబ్బా అయితే మూత తీసి వాసన చూస్తుంది. ఈ సంగతి దేవుడికి తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ ధీమా.

ఖాజా ఆ ఇంట్లో మూడు బండ్లు నడిపాడు. మొదటిది అమెరికా బండి, ఓడంత. రెండోది జపాను బండి, పదమూడేళ్ళు గుక్క తిప్పుకోకుండా నడిచింది. మూడోది ఈ చైనా బండి. బాబా దాన్ని తెచ్చిన రోజు ఖాజా ముఖం మాడ్చుకున్నాడు. ఇంజిను చూస్తే పాలడబ్బా అంత ఉండాది, ఇంత బండిని యాడ లాగుతాది అని ఈసడించాడు. పిల్లలేమో లోపల టీవీ అంత తెర చూసి మురిసిపోయారు. వారం రోజులు ఖాజా తీరిక దొరికితే చాలు బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూశాడు. ఎనిమిదో రోజు వంటింటి గుమ్మంలో టీ తాగుతూ, బండి మంచిదేనని మెల్లగా ఒప్పుకున్నాడు.

అప్పుడే ఆనందమ్మకు టర్బో అంటే ఏమిటో చెప్పాడు. ఇంజిను తాగి వదిలిన పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందట. అదే ఇరుసుకి అటు చివర ఇంకో చక్రం. అది బయటి గాలిని లాగి, ఒత్తిపెట్టి, ఇంజిను నోట్లోకి నెడుతుందట. నిమిషానికి లక్ష చుట్ల పైమాటేనట. అంత వేగంలో ఆ ఇరుసు ఇనుము మీద తిరగదు, కాగితమంత పలచని నూనె పొర మీద తేలుతుందట. ఆ నూనె మాడిందా, చక్రం ముక్కలే.

"అంటే పొయ్యిలోంచి వచ్చే పొగే తిరిగి పొయ్యిని ఊదుతుందన్నమాట," అంది ఆనందమ్మ.

ఖాజా టీ గ్లాసు కింద పెట్టి ఆవిడ వంక అబ్బురంగా చూశాడు. ఎనిమిది రోజుల నుంచి నాకు నేనే చెప్పుకోలేకపోయిన మాట నువ్వొక్క ముక్కలో చెప్పినావన్నాడు. గేరుబాక్సు సంగతీ అంతే. రెండు క్లచ్చులుంటాయని, ఒకటి ఇప్పటి గేరు పట్టుకుని ఉంటే రెండోది తర్వాతి గేరు సిద్ధంగా పట్టుకుని కూర్చుంటుందని అతను చేతులు తిప్పుతుంటే, పెనం మీద రొట్టె తిరగేస్తూనే రెండో చేత్తో ఇంకో ఉండ చేసినట్టు అని ఆవిడ తేల్చేసింది. ఆ తర్వాత నుంచి ఖాజా ఆ బండి గురించి ఏం చెప్పాలన్నా వంటింటికే వచ్చేవాడు. రాయచోటి మాట, రాజోలు మాట ఒకదానికొకటి అంతగా పొసగవు. అయినా ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

అలా మూడేళ్ళు గడిచాయి.

మొదట ఆనందమ్మ పట్టుకున్నది సిగ్నల్ దగ్గర. ఖాజా ఎప్పుడూ ముందు వరుసలో ఆగడం లేదు. పచ్చ దీపం ఉన్నా సరే దూరం నుంచే నెమ్మది చేసి, ఇంకో బండి ముందుకు దూరేదాకా కాచుకుని, దాని వెనక నిలబడుతున్నాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టినా, తిట్టినా పట్టించుకోవడం లేదు. లారీలను దాటేసి దూసుకుపోయే మనిషికి ఈ మర్యాద ఎక్కడిదా అనుకుంది. ముందు బండి కదలగానే చైనా బండి టింగుమని చిన్న గంట కొడుతుంది. ఆ గంట విన్నాకే ఖాజా కాలు కదిలేది.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో బట్టలారేసి ఉన్నాయి. ఖాజా నీడన కూర్చుని ఉన్నవాడు చటుక్కున లేచి, చేతులు తుడుచుకుని, వినయంగా సలాం చెప్పాడు. తీగ మీద బాబా తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, గాలికి ఊగుతోంది. లోపల బాబా లేడు.

ఆనందమ్మకు నవ్వు రాలేదు. తడి చేతులతోనే వెళ్ళి అతని ముందు నిలబడింది.

"ఏవయ్యా ఖాజా, ఎన్నాళ్ళయింది?"

అతను మళ్ళీ నీడన కూలబడ్డాడు. తర్వాత మొత్తం చెప్పాడు. షుగరు పన్నెండేళ్ళ నుంచి ఉంది. మందులు ఒకసారి వేసుకుని ఒకసారి మానేసేవాడు. కళ్ళలో నల్లటి దారాలు తేలుతున్నాయని ఫర్వానియాలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే ఆయన దీపం వేసి చూసి ఆలస్యం చేశావన్నాడు. కంట్లో సూదులు పొడిచారు. ఎడమ కన్ను ఇప్పుడు పొగ పట్టిన లాంతరు. కుడి కంటితో చూస్తే తలుపు సందులోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనిపిస్తుంది.

మరి బండి ఎలా నడుపుతున్నావని అడగబోయి ఆనందమ్మ ఆగింది. అడగక్కర్లేదు. ఆవిడకే అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. గీత దాటితే స్టీరింగు చేతిలో వణుకుతుంది. ముందు బండికి ఎంత ఎడం ఉండాలో అది ఉంచుకుంటుంది. ఎవరైనా అడ్డమొస్తే తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. వెనక్కి తీస్తుంటే గోడ దగ్గరపడ్డ కొద్దీ కూత పెంచుతుంది. పాత జపాను బండికి ఈ తెలివితేటలు ఏవీ లేవు. అదే ఉండి ఉంటే ఖాజా ఏడాది కిందటే ఏ గోడకో గుద్దుకుని బయటపడేవాడు.

"బండి చూస్తాంది అక్కా," అన్నాడు ఖాజా. "నేను దానికి తోడు కూచోని పోతాండా, అంతే."

పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నావు, ఒళ్ళు జలదరించడం లేదా అని ఆవిడ నాలుగు పెట్టింది. పెట్టవలసినవే పెట్టింది. తలొంచుకుని విన్నాడు. మామాతో చెప్పేసి ఇంటికి పొమ్మంది. అప్పుడతను తలెత్తాడు.

"ఈడ గుడ్డోనైనా నాకు దారి తెలుసక్కా. ఇంటి కాడ్నుంచి ఇస్కూలు దాకా ఏడు స్పీడు బ్రేకర్లు, రెండు రౌండబౌట్లు. ఆడ నా ఇంట్లో నీళ్ళ బిందె యాడుంటాదో తెల్దు. రెండేండ్లకొకసారి రెండు నెల్లు ఉండొచ్చినోన్ని. షరీఫా నాకు అన్నం పెట్టేటప్పుడు చుట్టానికి పెట్టినట్ల పెడ్తాది. కండ్లు లేనోడు పరాయింట్లో ఎట్ల తిరిగేది?"

షరీఫా బీ అతని భార్య. చెడ్డ మనిషి కాదు. ఆ మాటా అతనే చెప్పాడు.

ఆనందమ్మ మామాతో చెప్పలేదు. తప్పని తెలిసే చెప్పలేదు. పైగా ఇంకో పని చేసింది. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని మామాకు చెప్పి ముందు సీటు సంపాదించింది. పనిమనిషి ముందు సీట్లో కూర్చోవడం ఆ ఇంట్లో లేని ఆచారం. ముసలిదని మామా ఒప్పుకుంది. పిల్లల్ని బడిలో దింపేటప్పుడు కూడా ఏదో ఒక సరుకు వంక పెట్టుకుని ఎక్కేది. ఎర్ర దీపం, పచ్చ దీపం, ఎడమ పక్క మనిషి, కుడి పక్క పిల్లి. దారంతా ఊరి కబుర్ల మధ్యలో కలిపి ఈ మాటలు చెబుతూ ఉండేది. వెనక కూర్చున్న పిల్లలకు ముసలిది వాగుతోందనే తెలుసు. ఇద్దరు మనుషులు, ఒక బండి కలిస్తే ఒక డ్రైవరు తయారయ్యాడు. నాలుగు నెలలు గడిచాయి, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్ళను పాడుచేసింది.

ఆ రోజు గుబార్ లేచింది. కువైట్‌లో దుమ్ము లేస్తే ఆకాశం పసుపు నీళ్ళు కలిపినట్టు అయిపోతుంది, పట్టపగలు పక్కిల్లు కనిపించదు. పిల్లల్ని బడిలో దింపేటప్పటికి సన్నగా ఉన్నది, తిరిగి వచ్చేటప్పటికి చిక్కబడింది. అద్దం మీద దుమ్ము పేరుకుంటే ఖాజా నీళ్ళు చిమ్మించాడు, అది బురదై ఇంకా అంటుకుంది. అప్పుడు బండి గంట కొట్టింది. ఎప్పుడూ కొట్టే గంట కాదు, రెండు మెట్లుగా దిగే గంట. ఖాజా ముందున్న తెర మీద పసుపు రంగులో రెండు వరసల అక్షరాలు వచ్చి నిలిచాయి.

"ఏం రాసుండాది అక్కా?"

ఆనందమ్మ చూసింది. ఇంగ్లీషు. పక్కనేదో బొమ్మ కూడా ఉంది గానీ అది ఆవిడకు తెలిసిన బొమ్మ కాదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. ముప్పయ్యేళ్ళు గడిపిన దేశంలో, అందరికీ డబ్బాలు చదివి పెట్టే మనిషి, డ్రైవరు ముందు నాకు ఇంగ్లీషు రాదని ఎలా అంటుంది? ఇంజిను నూనె మార్చాలని నాలుగు రోజుల నుంచి ఖాజా అంటున్నాడు. అది గుర్తొచ్చింది.

"ఏం లేదయ్యా, నూనె మార్చమంటోంది," అంది.

సరే, గురువారం పోదాం అన్నాడు ఖాజా. యాక్సిలరేటరు మీద కాలు తియ్యలేదు. రోడ్డు తిన్నగానే ఉందనుకున్నాడు, స్టీరింగు వణకలేదు గనుక. ముందు ఎవరూ లేరనుకున్నాడు, బండి ఆగలేదు గనుక.

నారింజ రంగు చొక్కా ఆనందమ్మకు కనిపించేటప్పటికి అది బంపరు ముందే ఉంది. ఆపు అని అరిచింది. ఖాజా తొక్కాడు. రోడ్డు ఊడ్చే బంగ్లాదేశ్ మనిషి, చక్రాల డబ్బా తోసుకుంటూ పోతున్నవాడు. డబ్బా ఎగిరి చెత్తంతా గాలికి లేచింది. మనిషి ఇసకలో పడ్డాడు. ఆనందమ్మ దిగి పరిగెత్తింది, మోకాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయి ఉంది. ఆ మనిషి ఏడవలేదు. మాఫ్ కరో, మాఫ్ కరో అంటున్నాడు. వాళ్ళ దారికి అడ్డమొచ్చినందుకు.

పోలీసులు వచ్చారు. ఆ రోజు అలాంటివి చాలా జరిగాయట, దుమ్ము అని రాసుకుని వెళ్ళిపోయారు. బాబా వచ్చి ఖాజా భుజం తట్టాడు. దేవుడు కాపాడాడు, ఇరవై రెండేళ్ళలో నీకిది మొదటిసారి అన్నాడు. ఖాజా దుమ్ము బాబా, దుమ్ము అన్నాడు.

ముందుభాగం నుజ్జయిన బండిని ఇంటి ముందు పెట్టారు. సాయంత్రం చిన్నపిల్ల సీట్లో మరిచిపోయిన పుస్తకం కోసం తలుపు తీస్తే, ఆనందమ్మ ఊరికే అడిగినట్టు అడిగింది, ఆ పసుపు అక్షరాలేమిటమ్మా అని. తలుపు తీయగానే వెలిగిన తెర మీద అవింకా అలాగే ఉన్నాయి. పిల్ల చదివి అరబ్బీలో చెప్పింది. ముందు కెమెరాకు ఏమీ కనబడటం లేదట. తనంతట తాను బ్రేకు వేయడం ఆపేసిందట. జాగ్రత్తగా మీరే నడపమందట.

బండి తనకు కళ్ళు కనపడటం లేదని చెప్పింది. చెప్పవలసినట్టే చెప్పింది.

ఆనందమ్మ ఆ రాత్రి బైబిలు తీయలేదు. ఏ అక్షరమూ చూడబుద్ధి కాలేదు. ఆ రోడ్డు ఊడ్చే మనిషి ఏ ఆసుపత్రిలో ఉన్నాడో కనుక్కుని, ఆదివారం ప్రార్థన తర్వాత పళ్ళు, సూపు పట్టుకుని వెళ్ళింది. కాలికి రాడ్లు వేశారు. ఆమె ఎవరో అతనికి తెలియదు. ఎవరో క్రైస్తవ సంఘం వాళ్ళనుకుని రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు చూడలేక ఆవిడ త్వరగా వచ్చేసింది.

మూడు వారాలకు బండి కొత్త బంపరు, కొత్త అద్దం, కొత్త కెమెరాతో తిరిగి వచ్చింది. వర్క్‌షాపు వాళ్ళు ఇంజిను నూనె కూడా మార్చి పంపారు. అన్నాళ్ళూ బాబా తమ్ముడి డ్రైవరు పిల్లల్ని తీసుకెళ్ళాడు. ఆ రోజు పొద్దున మామా తాళం ఖాజా చేతిలో పెట్టి, మధ్యాహ్నం పిల్లల్ని నువ్వే తీసుకురా అంది. ఎంతో దయగా అంది. భయపడకు, నీ మీద మాకు నమ్మకం ఉంది అని కూడా అంది.

పదకొండు దాటాక ఖాజా వంటింటికి వచ్చాడు. గుమ్మం దాకా గోడ పట్టుకుని వచ్చాడు, ఇప్పుడు దాచడం లేదు. ఆనందమ్మ బియ్యం కడుగుతోంది. అతను కూర్చోలేదు. టీ వద్దన్నాడు.

ఆవిడే ముందు మొదలుపెట్టింది. ఇరవై రోజులుగా గొంతులో అడ్డం పడ్డ ముల్లును తీసి బయట పెట్టాల్సిందే.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదయ్యా ఖాజా. ఆ రోజు తెర మీద రాసింది నూనె గురించి కాదు. కెమెరా పని చేయట్లేదని. నాకు తెలీక అబద్ధం చెప్పాను. ఆ మనిషి కాలు నేనిరిచాను."

ఖాజా ఆవిడ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"నీకు సదువు రాదని నాకు ఎనిమిదేండ్ల నుంచి తెలుసక్కా. బేకింగు సోడా డబ్బా వాసన సూస్తాంటివి సూడు, ఆ పొద్దు తెలిసింది."

ఆనందమ్మ చేతిలో బియ్యం అలాగే ఉండిపోయాయి. మరెందుకు అడిగావు అంది.

"ఏం లేదని ఎవరన్నా చెప్పాలని. గంట మారిందని నాకు ఇనపడింది. పక్కన ఆపి, ఎవరినన్నా పిలిచి సదివించుకోవచ్చు. నిన్ను అడిగితే ఏదో ఒకటి చెప్తావని తెలుసు. తెలిసే అడిగినా. నీ తప్పు కాదు అది."

చెంపమీద కొట్టినట్టయింది ఆవిడకు. ఓదార్పులా చెప్పాడు గానీ, అందులో ఓదార్పేమీ లేదు. తన గర్వం ఎంత దూరం కనబడుతోందో, అది కళ్ళు లేనివాడికి కూడా ఎలా పనికొచ్చిందో ఒకేసారి అర్థమైంది. బియ్యం గిన్నె ఠప్పున పక్కన పెట్టింది.

ఖాజా జేబులోంచి తాళం తీసి పిండి పలక మీద పెట్టాడు. తడుముకుంటూ పెట్టాడు. పొద్దుట్నుంచి మూడుసార్లు మామా దగ్గరికి వెళ్ళానని చెప్పాడు. మూడుసార్లూ నోరు తెరిస్తే బండి బాగుంది మామా, ఇంజిను నున్నగా ఉంది మామా అనే మాటలే వచ్చాయట. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో సరే అనడానికే అలవాటుపడ్డ నోరు.

గోడ గడియారం వైపు చూడబోయి, అది కనపడదని గుర్తొచ్చి, టైమెంతయిందని అడిగాడు. పదకొండున్నర అని చెప్పిందావిడ.

"నీ నోరు ఎవురికీ భయపడదక్కా. నువ్వు పోయి మామాతో చెప్పు. ఖాజాకు కండ్లు కనపడవు, వానికి తాళం ఇయ్యద్దు, టికెట్టు తీసి పంపించేయండని చెప్పు. నేను బతిమాలినా ఇనొద్దని కూడా చెప్పు. ఒంటిగంట లోపల చెప్పు. ఒంటిగంటన్నరకు పిల్లోళ్ళు గేటు కాడికి వస్తారు. అప్పటి దాకా ఎవురూ చెప్పకపోతే, నేను మళ్ళా ఆ తాళం తీస్కోని పోతా."